ఎడమకి లాగే బండిలో మొగల్తూరు దాకా

కోనసీమను బస్సులో చూసినవాళ్ళుంటారు, పడవలో చూసినవాళ్ళుంటారు. ఎడమకి లాగే బండిలో చూసినవాళ్ళు మాత్రం మేమిద్దరం తప్ప ఇంకెవరూ ఉండరని నా నమ్మకం. అలాంటి బండి నడుపుతున్నప్పుడు కుడి పక్కనున్న కొబ్బరితోటలు కనబడవు. చూపంతా ఎడమ పక్క కాలవ మీదే ఉంటుంది, ఎప్పుడు అందులో దిగుతామో అని.

రాజమండ్రి

బండి మావారిది. ఆయన పోయి ఏడాది దాటింది. ఇరిగేషన్ శాఖలో పనిచేసినన్నాళ్ళూ ఆయన బతుకంతా లాకుల దగ్గర, కాలవ గట్ల మీద గడిచింది. ఆ గట్ల మీద తిరగడానికే ఈ ఎత్తయిన పాత బండిని సెకండ్ హ్యాండులో కొన్నారు. ఇప్పటివాళ్ళు ఇలాంటివాటిని ఎస్‌యూవీ అంటారట. మా ఇంట్లో అది బండి, అంతే. బడిలో తెలుగు చెప్పి రిటైరైన నాకు, ఈ వయసులో నీకెందుకే అని అందరూ నవ్వుతుంటే, పట్టుబట్టి డ్రైవింగ్ స్కూలు కారులో నేర్పించింది కూడా ఆయనే.

ఆయన పోయాక బండికి ఒక జబ్బు ఉందని నాకు తెలిసింది. గతుకు తగిలితే స్టీరింగు చేతిలో గజగజ వణుకుతుంది. వణుకు తగ్గాక బండి మెల్లగా ఎడమకి జరుగుతుంది. చెయ్యి కాస్త కుడికి పట్టి ఉంచితేగాని తిన్నగా పోదు. సాయంత్రమయ్యేసరికి నా కుడిభుజం పట్టేసేది.

రాజమండ్రిలో ఒకాయన టైర్లు మార్పించి ఎలైన్‌మెంట్ చేశాడు. మళ్ళీ లాగుతోందంటే, "కంప్యూటర్‌లో కరెక్టుగా చూపిస్తోంది మేడమ్" అన్నాడు. "అయితే కంప్యూటర్నే నడుపుకోమనండి" అని వచ్చేశాను. ఇంకొకాయన ముందు షాకబ్జార్బర్లు రెండూ మార్చాడు. వణుకు కొన్నాళ్ళు తగ్గింది, మళ్ళీ మొదలైంది.

మొగల్తూరులో రొయ్యల చెరువులు చేసే మా మరిది సత్యం ఫోన్ చేశాడు. "వదినా, ఆ బండితో ప్రాణం మీదికి తెచ్చుకోకండి. నాకిచ్చేయండి. చెరువు గట్టు మీద మేత బస్తాలు మోయడానికి పనికొస్తుంది. మీకు బుజ్జి కారు ఒకటి చూసిపెడతాను."

అతను చెప్పింది తప్పేమీ కాదు. కానీ ఆయన చేతులు పట్టుకున్న స్టీరింగు అది. రొయ్యల మేత వాసనలో ఆ బండి నానుతుందంటే నాకు మనసొప్పలేదు. చివరికి ఒక మాట అనుకున్నాం. బండి నేనే నడుపుకుంటూ మొగల్తూరు వస్తాను. దారిలో ఎవరైనా జబ్బు కనిపెట్టి నయం చేస్తే బండి నాది. లేకపోతే తాళాలు సత్యానివి.

నాతో మావారి అక్కగారు రాజేశ్వరి వదిన బయల్దేరింది. డెబ్భై దాటినా నోరు మాత్రం పదహారేళ్ళప్పటిదే. ఆవిడ ఎడమవైపు తలుపు తీసి చెంగున ఎక్కి కూర్చుంది. నేను కుడివైపు చెక్కపీట వేసుకుని, పైన హ్యాండిల్ పట్టుకుని, "అమ్మా" అని మూలుగుతూ ఎక్కాను. డ్రైవరు వైపు ఎక్కడం ఎందుకో మొదట్నుంచీ కష్టమే. డ్రైవర్లకి మోకాళ్ళు ఉండవని కంపెనీవాళ్ళ అభిప్రాయం కాబోలు అనుకునేదాన్ని.

మోకాళ్ళ మాట వచ్చింది కాబట్టి తైలం సంగతి కూడా చెప్పాలి. ఒకప్పుడు నేను ఈ బండి ఎడమ సీటు ఎక్కడానికీ ఇలాగే ఏడ్చేదాన్ని. అప్పుడు మా వీధిలో ఒకావిడ ఇచ్చిన నల్లటి తైలం రాయడం మొదలుపెట్టాను. నెల తిరక్కుండా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కేశాను. "చూశావా, తైలం పనిచేసిందోయ్!" అని మావారే నలుగురిలో చెప్పారు. ఆ తర్వాత మా వీధి మోకాళ్ళన్నిటికీ ఆ తైలమే. ఆయనకి కుడిభుజం నొప్పి ఉండేది. దానికీ అదే రాసేదాన్ని. ఆ సీసా ఇప్పటికీ డ్యాష్‌బోర్డు అరలోనే ఉంది, అడుగున కాస్త మిగిలి.

కడియం

కడియం నర్సరీల మధ్య నుంచి వెళ్తూ మొక్క కొనకుండా దాటిన ఆడది లేదు. వదిన బండి ఆపించి, గులాబీ మొక్క నలభై చెబితే ముప్పైకి అడిగి, ముప్పై అయిదుకి ఒప్పుకుని, ఆ అయిదు రూపాయలకీ ఒక చామంతి నారు కొసరు పుచ్చుకుంది. మా వీధిలోకి బండి మీద వచ్చే మొక్కలవాడు ఇదే గులాబీని ఎనభై చెబుతాడు, కొసరు అడిగితే మొహం తిప్పుకుంటాడు.

నర్సరీ దాటగానే ఒక స్పీడ్ బ్రేకర్. నెమ్మదిగానే ఎక్కించాను. దిగగానే స్టీరింగు జ్వరం వచ్చినట్టు వణికింది, బండి ఎడమ అంచుకి పోయింది. వదిన ఒళ్ళో గులాబీ కుండీ ఒలికి చీరంతా ఎర్రమట్టి.

"నీ మొగుడు ఇందులోనే కదే నన్ను అన్నవరం తీసుకెళ్ళాడు. చుక్క నీళ్ళు ఒలకలేదు" అంది మట్టి దులుపుకుంటూ.

నిజమే. ఆయన నడిపితే ఇది కుదురుగానే పోయేది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆయన చేతిలో అంత బుద్ధిగా ఉన్న బండి నా చేతిలోకి రాగానే ఎందుకిలా చేస్తోందో అర్థం కాలేదు.

రామచంద్రపురం

రామచంద్రపురంలో సూరిబాబు గారని మెకానిక్ ఉన్నారని నర్సరీవాళ్ళే చెప్పారు. రైసు మిల్లు గోడకి ఆనుకుని ఆయన షెడ్డు. మనిషి బాగా మాటకారి.

"ముందు మీరు కిందికి దిగకండమ్మా. ఇంజన్ ఆన్ లోనే ఉంచి, బండి కదపకుండా స్టీరింగు అటూ ఇటూ ఆడించండి. నేను కింద దూరి చూస్తాను" అన్నారు.

కింద ఆయన ఏం చూస్తారో నాకూ చూడాలనిపించింది. వదినను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి నేను దిగాను. ఆవిడ ముప్పావు చుట్టు అటు, ముప్పావు చుట్టు ఇటు రుబ్బురోలు పొత్రం తిప్పినట్టు తిప్పింది.

"అయ్యబాబోయ్, చిన్నగానండి! పిండి రుబ్బమనలేదండి!" అని కింద నుంచి కేక.

నేను వంగి చూశాను. వదిన స్టీరింగు ఆడించినప్పుడల్లా ఎడమ చక్రం దగ్గర ఒక కీలు టకటకలాడుతోంది, ఊడబోయే పన్నులా. తర్వాత ఆయన జాకీ పెట్టి చక్రం గాల్లోకి లేపి, పైనా కిందా పట్టుకుని ఊపారు, తర్వాత రెండు పక్కలా పట్టుకుని ఊపారు. కుడి చక్రం రాయిలా ఉంది. ఎడమది ఊగుతోంది.

"స్టీరింగు కడ్డీ చివర పోయిందండి. చక్రాన్ని మోసే చెయ్యికున్న రబ్బరు బుష్షులూ పోయాయి. పోవడం వింత కాదండి. ఇవి పాతవి కావు, ఈమధ్య వేసినవే. ఎడమ పక్కవే మళ్ళీ మళ్ళీ ఎందుకు పోతున్నాయంటారు?"

నాకు తెలిస్తే ఇంత దూరం ఎందుకొస్తానన్నాను. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, మిల్లు మేనేజరుకి ఫోన్ చేసి, బండిని మిల్లు కళ్ళంలోకి తీసుకెళ్ళమన్నారు. వడ్లు ఎండబోసే సిమెంటు కళ్ళం అది, అప్పుడు ఖాళీగా ఉంది. మన డెల్టాలో గట్టు రోడ్లన్నీ ఏదో ఒక పక్కకి వాలే ఉంటాయని, ఏ బండి చూసినా వాలినట్టే కనిపిస్తుందని, తిన్నటి నేల కావాలంటే కళ్ళం ఒక్కటే గతి అని చెప్పారు. చీపురులోంచి ఒక కొబ్బరీనె లాగి, కుడి చక్రం నడిమి నుంచి పైనున్న రేకు అంచు దాకా పెట్టి సరిగ్గా అక్కడికి విరిచారు. అదే ఈనెను ఎడమవైపు పెట్టారు. పట్టలేదు. మూడు వేళ్ళ మందం ఎక్కువైంది.

"ఎడమ పక్క దిగిపోయిందండి" అన్నారు.

ముందు చక్రాల బరువు మోయడానికి బండి కింద పొడవాటి ఇనుప కడ్డీలు రెండుంటాయి, చెరో పక్కా ఒకటి. టార్షన్ బార్ అంటారు. బోల్టు బిగించి దాన్ని మెలిపెడితే ఆ పక్క బండి లేస్తుంది, వదులు చేస్తే దిగుతుంది. సూరిబాబు గారు టార్చి వేసి ఆ బోల్టు చూపించారు. దాని మీద అడ్డంగా ఆకుపచ్చ పెయింటు గీత.

"దానంతటది దిగింది కాదండి. ఎవరో కావాలనే దించారు. దించి, కదిలితే తెలియాలని గీత గీశారు. ఈ ఆకుపచ్చ గీత రాజోలు అబ్బులు గారిదండి. నాది పసుపు."

"అయితే మీరు ఎత్తేయండి."

"అదొక్కటీ కుదరదండి. గీత గీసిన పనిని ఇంకొకరు అడక్కుండా కదపకూడదు. ఎందుకు దించారో ఆయనకి తెలియాలి కదండి. రేపు మీరు ఆయన దగ్గరికెళ్తే నా మొహం ఏమవుద్ది?"

చక్రం ఊడకుండా స్టీరింగు కడ్డీ చివర మాత్రం కొత్తది వేశారు. రాజోలు దాకా నిదానంగా వెళ్ళమన్నారు. మధ్యాహ్నం వాళ్ళింట్లోంచి పనసపొట్టు కూర, మజ్జిగపులుసుతో భోజనం వచ్చింది. మా ఇంట్లో పనసపొట్టులో ఆవ చివర్న కలుపుతాం. వాళ్ళు ముందే కలిపి ఊరనిచ్చారు. ఆవ నసాళానికి అంటింది. వదిన కళ్ళనీళ్ళు తుడుచుకుంటూనే మారు వడ్డించుకుంది.

యానాం వంతెన, అమలాపురం

యానాం దాటి గోదావరి మీద వంతెన ఎక్కగానే నాకు తెలియకుండానే బ్రేకు మీద కాలు పడింది. ఏ వంతెన మీదైనా మావారు బండి నెమ్మది చేసేవారు. కిటికీలోంచి నీళ్ళు చూసి, "ఈసారి బానే ఉంది" అనో, "ఇంకా రావాలి" అనో అనేవారు. ఎవరడిగారు? రిటైరయ్యాక కూడా గోదావరి మొత్తం తన ఖాతాలోనే ఉన్నట్టు మాట్లాడేవారు. నేను విసుక్కునేదాన్ని. ఆరోజు వంతెన మీద ఆ మాట వినబడితే చాలని ఎంతగా అనిపించిందో చెప్పలేను. నీళ్ళు చూశాను. బాగున్నాయో, ఇంకా రావాలో నాకు తెలియలేదు.

రాత్రికి అమలాపురంలో వదిన చుట్టాలింట్లో ఉండి, పొద్దున్నే పొట్టిక్కలు తిన్నాం. పనసాకుల్ని పుల్లలతో బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఉడికిస్తారు. ఆకు వాసన పిండికి పట్టి ఉంటుంది. పనసచెట్టు ఊళ్ళో ఉంది కాబట్టి వీళ్ళకి ఇడ్లీ పాత్రతో పని లేదు. "మీ రాజమండ్రిలో ఇడ్లీని రేకులో ఎలా తింటారండీ?" అని ఆ ఇంటి కోడలు నిజంగానే జాలిపడింది.

అమలాపురం నుంచి బోడసకుర్రు వంతెన మీదుగా రాజోలుకి దారి. దారి పొడుగునా ఒకటే ఆలోచన. ఆకుపచ్చ గీత గీసిన పని ఆయన చేయించిందేనా? రాజోలులో ఆయన చాలాకాలం పనిచేశారు, బండి అక్కడే బాగుచేయించేవారు. ఇంత తెలివైన మనిషి బండిని చేతులారా ఎందుకు పాడుచేసుకుంటారు?

రాజోలు

అబ్బులు గారి షెడ్డు కాలవ పక్కనే, దింపిన కొబ్బరికాయల కుప్పల మధ్య ఉంది. బండిని దూరం నుంచే గుర్తుపట్టి ఎదురొచ్చారు.

"ఆయ్, రండమ్మగారూ. సార్ రాలేదాండి?"

ఆయన మా ఇద్దరి మొహాలూ చూసి, తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నారు. చాలాసేపు బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డారు. తర్వాత వాళ్ళావిడ కొబ్బరి నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

సూరిబాబు గారు చెప్పిందంతా చెప్పి, "ఎడమ పక్క మీరే దించారా?" అని అడిగాను.

"ఆయ్, నేనేనండి. సార్ దించమన్నారు."

"ఎందుకని?"

అబ్బులు గారు ఇబ్బందిగా వదిన వైపు చూశారు, మళ్ళీ నా వైపు చూశారు. "అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు, బండి ఎక్కలేకపోతున్నారు, ఆ పక్క ఓ మూడు వేళ్ళు దించు అన్నారండి. వద్దండి సార్, ఒక పక్క దించితే స్టీరింగు ఎడమకి లాగుద్ది, బుష్షులు ఊరికే పోతాయి, కావాలంటే కింద మెట్టు ఒకటి వెల్డింగ్ చేస్తాను అన్నాను. మెట్టు పెడితే తనకోసం పెట్టానని తెలిసిపోద్ది, నాకేం ముసలితనం వచ్చిందా అని గొడవపెడుద్ది అన్నారండి."

వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వుకో ఏడుపుకో తెలియదు.

"మరి లాగుద్ది కదండీ సార్ అన్నాను. 'లాగనీ అబ్బులూ, నేను పట్టుకుంటాలే' అన్నారు. ఏడాదికోసారి వచ్చి బుష్షులు మార్పించుకుని, గీత కదల్లేదు కదా అని చూసుకుని వెళ్ళేవారండి."

నేను లేచి బండి దగ్గరికెళ్ళాను. ఎడమ తలుపు తీశాను. ఎన్నేళ్ళపాటు ఈ గుమ్మం ఎక్కాను! ఒక్కసారి కూడా నా మోకాళ్ళని తప్ప ఇంకెవర్నీ మెచ్చుకోలేదు. తైలం పనిచేసిందోయ్ అని ఊరందరికీ చెప్పిన మనిషి, ఆ మాట చెబుతూ లోపల ఎంత నవ్వుకుని ఉంటారో. ఆ కుడిభుజం నొప్పి. నిద్రలో పక్కకి తిరిగితే మెడ పట్టిందనేవారు, సైట్లో బరువెత్తాననేవారు. పూటకో కారణం చెప్పేవారు. నేను సీసా తీసి రాస్తూ కూర్చునేదాన్ని. అక్కడే డోరు పట్టుకుని ఏడ్చాను. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

ఏడుపు తగ్గాక అబ్బులు గారు మెల్లగా అడిగారు. "ఎత్తేయమంటారాండి?"

ఎత్తకపోతే బండి తిన్నగా పోదు. సత్యానికి ఇచ్చేయాలి. ఎత్తితే ఆయన నాకోసం చేసింది పోతుంది. సరేననలేను, వద్దననూ లేను.

వదిన వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. "సుభద్రా, మా తమ్ముడు అది దించింది నువ్వు ఎక్కడానికి. నువ్విప్పుడు అటు ఎక్కట్లేదు కదే."

"ఎత్తేయండి" అన్నాను.

మధ్యాహ్నం దాకా పట్టింది. బుష్షులు రెండు పక్కలా కొత్తవి వేశారు. బోల్టు బిగిస్తుంటే బండి ఎడమ భుజం కొంచెం కొంచెంగా పైకి లేచింది. నేను చూడలేక కాలవ వైపు తిరిగి కూర్చున్నాను. పక్కనున్న కొబ్బరి కొట్టు సిమెంటు నేల మీద నిలబెట్టి ఆయన కూడా ఈనెతోనే కొలిచారు. ఈసారి రెండు పక్కలా ఒక్కలాగే పట్టింది. చక్రాలు సరిచేయించి తెచ్చాక కొత్త ఆకుపచ్చ గీత గీశారు. పాతది చెరిపేయమంటారా అని అడిగారు. ఉంచమన్నాను.

"కొన్నాళ్ళు మీ చెయ్యి కుడికి పోద్దండి అమ్మగారూ. బండి లాగదు గానీ చేతికి ఆ సంగతి తెలియదు. చూసుకోండి" అన్నారు.

బయల్దేరబోతే వదిన ఎడమ సీటు ఎక్కలేకపోయింది. రెండుసార్లు ప్రయత్నించి, "ఇదేంటే, ఎవరెస్టు!" అంది. నేను కుడివైపు నుంచి పీట తెచ్చి వేశాను. ఆవిడ ఎక్కాక అదే పీట పట్టుకుని నా వైపు నడిచాను. ఇద్దరు ముసలమ్మలకి ఒకే పీట.

సఖినేటిపల్లి రేవు

సఖినేటిపల్లి దగ్గర గోదావరి దాటాలంటే పంటు ఎక్కాలి. రెండు పడవల మీద చెక్కల వేదిక కట్టినట్టు ఉంటుంది. మనుషులు, మోటారు సైకిళ్ళు, మేకలు, కార్లు అన్నీ దాని మీదే. వంతెనల మీద దాటేవాళ్ళకి గోదావరి వెడల్పు తెలియదు, పంటు మీద తెలుస్తుంది. ఏటవాలు రేవులోంచి చెక్కల మీదికి ఎక్కించేటప్పుడు నా చెయ్యి అలవాటుగా కుడికి లాగింది. పంటువాడు "అమ్మా, తిన్నగా, తిన్నగా! బండి బానే వస్తోంది, మీరే తిప్పుతున్నారు!" అని అరిచాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

నది మధ్యకి వచ్చాక వదిన నీళ్ళలోకి చూస్తూ, "ఈసారి బానే ఉంది" అంది, అచ్చం తమ్ముడిలా. అక్కాతమ్ముళ్ళకి ఈ రోగం పుట్టుకతోనే ఉందన్నమాట.

మొగల్తూరు

సత్యం గేటు దగ్గరే చెయ్యి చాచి నిలబడ్డాడు, తాళాల కోసం. ఒకసారి నడిపి చూడమన్నాను. సముద్రం వైపు రోడ్డు మీద వెళ్ళి వచ్చాడు. దిగి, "స్టీరింగు వదిలేసినా గీత గీసినట్టు పోతోంది వదినా. అన్నయ్య ఉన్నప్పుడు కూడా ఇంత తిన్నగా పోలేదు" అని తాళాలు నా చేతిలో పెట్టాడు. వదిన ఆకుపచ్చ గీత కథ మొదలుపెట్టింది. సత్యం వింటూ వింటూ మొహం అటు తిప్పుకున్నాడు.

ఆ సాయంత్రం కూడా నా భుజం నొప్పెట్టింది. డ్యాష్‌బోర్డులోంచి సీసా తీసి, రాయకుండా పక్కన పెట్టేశాను. ఆయన పట్టుకున్న బరువే ఇన్నాళ్ళూ నేనూ పట్టుకున్నాను, ఆ నొప్పే నాకూ వచ్చింది. మొగల్తూరు నుంచి తిరిగొచ్చేసరికి చెయ్యి కుడికి పోవడం మానేసింది. ఇంటికొచ్చిన వారానికి నొప్పి కూడా పోయింది. జీవితంలో ఎన్నో నొప్పులు తగ్గాలని దేవుడికి మొక్కుకున్నాను. తగ్గకుండా ఉంటే బాగుండునని అనుకున్నది ఇదొక్కటే.